గిట్‌లో ఫోల్డర్ మాయమైతే: యార్డు స్క్రిప్టు గొడవకి నా జవాబు

అన్నా అని పిలిచావ్ కాబట్టి నువ్వు అనే రాస్తున్నా తమ్ముడూ, ఏమనుకోకు. తర్వాత వచ్చి చదివేవాళ్ళకి కూడా అర్థమవ్వాలిగా, అందుకని ముందు నీ గోల నా మాటల్లో చెప్తా. గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టుకి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాశావ్, పైథాన్‌లో, కోడ్ అంతా గిట్‌లో (ఫైళ్ళ మార్పుల చరిత్రని దాచే టూల్) ఉంది. రోజూ రాత్రి తక్‌పట్టీల, అంటే రైతుకిచ్చే అమ్మకం లెక్క చీటీల, సీఎస్వీ ఫైళ్ళు ఒక ఎక్స్‌టర్నల్ డిస్కులో పడతాయి, ఆ డిస్కు రెపో (గిట్ చూసుకునే ప్రాజెక్ట్ ఫోల్డర్) లోపలున్న తక్‌పట్టీ అనే ఫోల్డర్ మీద మౌంట్ అయి ఉంటుంది, అంటే ఆ ఫోల్డర్ తెరిస్తే డిస్కులోవి కనపడతాయి, క్రాన్‌లో (టైముకి దానంతటదే పని నడిపేది) ఒక స్క్రిప్టు వాటిని కమిట్ చేసి, అంటే చరిత్రలో రాసి, సర్వర్‌కి పుష్ చేస్తుంది. ఒకరోజు పొద్దున చూస్తే సీజన్ మొత్తం తక్‌పట్టీలు డిలీటెడ్ అని కమిట్ అయిపోయి, పుష్ కూడా అయిపోయింది. ఇది మొదటిది. రెండోది, కొత్త మెషీన్‌లో రెపోని క్లోన్ (పూర్తి కాపీ) చేస్తే లాగ్స్, అప్‌లోడ్స్ ఫోల్డర్లు రాలేదు, సాఫ్ట్‌వేర్ స్టార్ట్ అవ్వగానే క్రాష్, మీ సీనియర్ ఏమో ఎస్‌వీఎన్ (సబ్‌వెర్షన్, గిట్ లాంటిదే పాత టూల్) వాడుంటే ఈ తంటానే లేదుగా అంటున్నాడు. మూడోది, గిట్ మీద నువ్వే ఒక చిన్న టూల్ రాస్తున్నావ్, ఫోల్డర్ లేనప్పుడు అది చచ్చిపోకుండా ఎలా రాయాలి అని. చివర్లో పెన్‌డ్రైవ్‌కి రెపో కాపీ చేస్తే నాట్ ఎ గిట్ రిపాజిటరీ అంటోందని ఇంకోటి తగిలించావ్.

కమాండ్లు పలికినట్టే రాస్తా, టైప్ కొట్టేటప్పుడు నువ్వు ఇంగ్లీషులో కొట్టుకో.

నాకైతే ఇవన్నీ ఒకటే సమస్య లాగా కనపడుతున్నాయి. ఫోల్డర్ కనపడలేదంటే ఎవరో కావాలనే తీసేసి ఉండొచ్చు, డిస్కు తగులుకోకపోయి ఉండొచ్చు, పర్మిషన్ లేక కనపడకపోవచ్చు, గిట్‌లో పాత బ్రాంచికి, అంటే కోడ్ ఇంకో పాయకి, పోయినప్పుడు పోయి ఉండొచ్చు, అసలు ఇంకా ఎవరూ క్రియేటే చేసి ఉండకపోవచ్చు. మన స్క్రిప్టులు ఇవేవీ చూడవు. కొన్ని "లేదా, అయితే తీసేశారన్నమాట" అనుకుంటాయి, కొన్ని "లేదా, అయితే క్రియేట్ చేసేద్దాం" అనుకుంటాయి. సెలవు రోజు గేటు మూసుంటే చూసి యార్డే ఎత్తేశారని పద్దు రాసుకున్నట్టు ఉంటది ఈ యవ్వారం. ఫోల్డర్ లేనప్పుడు దాని పైనున్న చోటు నిజంగా మనం అనుకున్న చోటేనా అని తేల్చుకోకుండా డిలీట్ అనీ రాయకూడదు, కొత్తది క్రియేట్ కూడా చెయ్యకూడదు. నేను కింద చెప్పేదంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

ముందు అర్జెంటుది, తక్‌పట్టీలు. కంగారు పడకు, ఏమీ పోలేదు. జరిగింది ఇది: రాత్రి కరెంటు పోయి వచ్చినప్పుడు మెషీన్ లేచింది, డిస్కు లేవలేదు. ఎఫ్‌స్టాబ్‌లో (ఏ డిస్కు ఎక్కడ మౌంట్ కావాలో రాసే ఫైలు) నోఫెయిల్ అని పెట్టుకున్నావ్ కదా, అది పెడితే డిస్కు లేకపోయినా బూట్ ఆగదు, మామూలుగా అది మంచిదే, కానీ అప్పుడు మౌంట్ పాయింట్ ఉత్త ఖాళీ ఫోల్డర్‌గా మిగులుతుంది. స్క్రిప్టు గిట్ యాడ్ డాష్ క్యాపిటల్ ఏ కొట్టింది. ఆ ఆప్షన్ పనే ఇండెక్స్‌లో (గిట్ లెక్కలో ఉన్న ఫైళ్ళ లిస్టు) ఉండి డిస్కులో లేని వాటిని డిలీట్ కింద స్టేజ్ చెయ్యడం, అంటే తర్వాతి కమిట్‌కి సిద్ధం చెయ్యడం, పాపం దాని తప్పేం లేదు. ఇంకోటి, చాలామందికి ఇప్పటికీ తెలియదు, 2014లో వచ్చిన గిట్ 2.0 నుంచి ఉత్త గిట్ యాడ్ డాట్ కొట్టినా, గిట్ యాడ్ ఫోల్డర్ పేరు కొట్టినా డిలీట్లు కూడా స్టేజ్ అవుతాయి, అంతకుముందు అయ్యేవి కావు. కాబట్టి క్యాపిటల్ ఏ తీసేసి డాట్ పెట్టుకుంటా అంటే ఏం ఉపయోగం లేదు.

బాగు చెయ్యడం ఎలాగంటే, డిస్కు బాగానే ఉంటే మౌంట్ చేసి, లోపల ఫైళ్ళు ఉన్నాయని కళ్ళతో చూసుకుని, మళ్ళీ తక్‌పట్టీ ఫోల్డర్‌ని యాడ్ చేసి కమిట్ చెయ్, అంతే. రెపో సైజు డబుల్ అవుతుందేమోనని భయపడకు, గిట్ ఫైళ్ళని కంటెంట్ హ్యాష్‌తో (లోపలి విషయం నుంచి లెక్కగట్టిన గుర్తు) దాచుకుంటుంది, అవే ఫైళ్ళు మళ్ళీ వస్తే పాత ఆబ్జెక్టులనే చూపిస్తుంది, హిస్టరీలో ఒక డిలీట్ కమిట్, ఒక యాడ్ కమిట్ కనపడతాయి తప్ప బరువేం పెరగదు. నువ్వు గిట్ రివర్ట్ (ఒక కమిట్‌ని తిరగేసే కమాండ్) ట్రై చేస్తే ఎర్రర్ వచ్చిందన్నావే, అది అందుకే, డిస్కు మౌంట్ అయి ఉంది కాబట్టి ఆ ఫైళ్ళన్నీ గిట్ దృష్టిలో అన్‌ట్రాక్డ్, అంటే లెక్కలో లేనివి, రివర్ట్ చేస్తే వాటి మీద రాసేయాల్సి వస్తుందని గిట్టే ఆగిపోయింది. మంచి పని చేసింది. ఒకవేళ డిస్కే పోయిందనుకో, అప్పుడు గిట్ రిస్టోర్ వాడు, సోర్స్ ఆప్షన్‌కి ఆ చెడ్డ కమిట్ కంటే ముందున్న కమిట్ ఇవ్వు, స్టేజ్డ్, వర్క్‌ట్రీ రెండు ఆప్షన్లూ పెట్టు, చివర్లో ఫోల్డర్ పేరు. గిట్ రిస్టోర్ 2019లో వచ్చిన 2.23లో చేరింది, అంతకంటే పాత గిట్ ఉంటే గిట్ చెకౌట్, కమిట్ పేరు, డబుల్ డాష్, ఫోల్డర్ పేరు. ఫోర్స్ పుష్ చేసి (సర్వర్ మీది చరిత్రని బలవంతంగా మార్చి) ఆ కమిట్‌ని చెరిపేద్దాం అన్న ఆలోచన మాత్రం మానుకో, కొట్లో ఇంకో మెషీన్ ఆల్రెడీ పుల్ చేసి ఉంటే కొత్త గొడవ మొదలవుతుంది.

ఇక మళ్ళీ జరక్కుండా. నీ కేసులో తక్‌పట్టీ ఫైలు ఒకసారి పడ్డాక డిలీట్ అనేదే ఉండదు కదా, లెక్క తప్పైతే కొత్త తక్‌పట్టీ వేస్తారు గానీ పాతది చింపరు. అలాంటప్పుడు స్క్రిప్టుకి డిలీట్ చేసే అధికారం ఎందుకు అసలు? గిట్ యాడ్‌కి ఇగ్నోర్ రిమూవల్ అని ఒక ఆప్షన్ ఉంది, డబుల్ డాష్ ఇగ్నోర్ డాష్ రిమూవల్, అది పెడితే కొత్తవీ మారినవీ మాత్రమే స్టేజ్ అవుతాయి, కనపడనివాటి జోలికి పోదు. తర్వాత కమిట్ కొట్టేటప్పుడు డాష్ ఏ పెట్టకు, పెడితే అది మళ్ళీ డిలీట్లన్నీ లాక్కొచ్చి పెడుతుంది. నాకడిగితే ఈ ఒక్క మార్పు చాలు, మిగతావన్నీ దీని మీద అదనపు జాగ్రత్త.

ఆ అదనపు జాగ్రత్తల్లో నాకు బాగా నచ్చేది డిస్కు మీదే ఒక గుర్తు ఫైలు పెట్టుకోవడం. డిస్కు మౌంట్ అయి ఉండగా అందులో ఏదో ఒక పేరుతో చిన్న ఫైలు పెట్టు, స్క్రిప్టు మొదట్లో ఆ ఫైలు ఉందా అని చూడు, లేకపోతే ఎగ్జిట్. మౌంట్‌పాయింట్ అనే కమాండ్ కూడా ఉంది, డాష్ క్యూ పెడితే మౌంట్ అయ్యిందా లేదా ఎగ్జిట్ కోడ్‌లో చెప్తుంది, కానీ అది ఏదో ఒక డిస్కు ఉందని చెప్తుంది తప్ప మన డిస్కే అని చెప్పదు, గుమాస్తా ఎవరో వేరే హార్డ్ డిస్కు తగిలిస్తే దానికి తేడా తెలియదు. గుర్తు ఫైలుకి తెలుస్తుంది.

డిలీట్లు నిజంగానే అవసరమయ్యే రెపో అయితే కమిట్‌కి ముందు లెక్క చూసుకో. గిట్ డిఫ్, క్యాష్డ్ ఆప్షన్, నేమ్ ఓన్లీ, డిఫ్ ఫిల్టర్ ఈక్వల్స్ డి, దాన్ని లైన్లు లెక్కపెట్టే డబ్ల్యూసీ డాష్ ఎల్‌కి పైప్ చెయ్, ఎన్ని ఫైళ్ళు డిలీట్ కింద స్టేజ్ అయ్యాయో వస్తుంది. రోజుకి మామూలుగా ఎన్ని పోతాయో నీకు తెలుసు కదా, దానికంటే బాగా ఎక్కువుంటే కమిట్ చెయ్యకుండా ఆగిపోయి నీకు మెయిలో మెసేజో పంపాలి. ఎంత దాటితే ఆపాలి అనేది నువ్వే తేల్చుకో, బయటివాళ్ళం చెప్పేది కాదు.

క్రాన్ స్క్రిప్టులో ఇంకో పాత జబ్బు, సీడీ (ఫోల్డర్ మారే కమాండ్) కొట్టడం, అది ఫెయిల్ అయినా కింద లైన్లు నడిచిపోవడం. ఫోల్డర్ లేకపోతే సీడీ ఫెయిల్ అవుతుంది, స్క్రిప్టు మాత్రం ఎక్కడ ఉందో అక్కడే ఉండి, క్రాన్ అయితే హోమ్ ఫోల్డర్‌లో, అక్కడే గిట్ కమాండ్లు కొడుతుంది. అక్కడ ఇంకో రెపో ఉందనుకో, ఇక చూస్కో. సీడీ మానేసి గిట్ డాష్ క్యాపిటల్ సి, పక్కన పాత్, అలా వాడు, పాత్ లేకపోతే గిట్టే ఆగిపోయి ఆ డైరెక్టరీకి మారలేకపోతున్నా అని చెప్తుంది. క్రాన్ బదులు సిస్టమ్‌డీ టైమర్ వాడటం వచ్చు అంటే ఇంకా మంచిది, సర్వీస్ ఫైల్లో రిక్వైర్స్ మౌంట్స్ ఫర్ అని ఒక లైన్ పెట్టి పాత్ ఇస్తే ఆ మౌంట్ లేకుండా జాబ్ మొదలే అవ్వదు.

ఇప్పుడు రెండో వైపు, లేకపోతే క్రియేట్ చేసెయ్ అనే అలవాటు. దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు గానీ నా లెక్కలో ఇది డిలీట్ కంటే డేంజర్, ఎందుకంటే డిలీట్ అయితే పొద్దునే తెలిసిపోతుంది, ఇది నెలల తరబడి తెలియదు. నీ పైథాన్ కోడ్‌లో తక్‌పట్టీ రాసే ముందు ఓఎస్ డాట్ మేక్‌డిర్స్ (పాత్‌లో లేని ఫోల్డర్లన్నీ క్రియేట్ చేసేది) ఉంది కదా, ఎగ్జిస్ట్ ఓకే ట్రూ పెట్టి. డిస్కు లేని రోజు అది ఏం చేస్తుంది? ఖాళీ మౌంట్ పాయింట్ లోపల 2025, మార్చి అని ఫోల్డర్లు చక్కగా క్రియేట్ చేసి తక్‌పట్టీలు అక్కడ రాసేస్తుంది, అంటే మెయిన్ డిస్కు మీద. తర్వాత ఎవరో ఎక్స్‌టర్నల్ డిస్కు తగిలించి మౌంట్ చేస్తారు, ఆ క్షణం నుంచి ఆ ఫైళ్ళు డిస్కు కింద దాక్కుని ఉంటాయి, ఎంత వెతికినా కనపడవు. అన్‌మౌంట్ చేస్తేనే బయటపడతాయి. కాబట్టి ఈరోజే ఒకసారి అన్‌మౌంట్ చేసి ఆ ఖాళీ ఫోల్డర్‌లో ఏమన్నా ఉన్నాయేమో చూడు, ఆ రాత్రి తక్‌పట్టీలు అక్కడ ఉండే అవకాశం గట్టిగా ఉంది.

అందుకే మేక్‌డిర్స్ లాంటివి గుడ్డిగా వాడకు. పై వరస అంతా ఉండాల్సిందే, చివరి ఒక్క ఫోల్డర్ మాత్రం లేకపోతే క్రియేట్ చెయ్యి, అంటే ఓఎస్ డాట్ ఎంకేడిర్, షెల్‌లో అయితే డాష్ పీ లేని ఎంకేడిర్. పేరెంట్ లేకపోతే అది ఎర్రర్ ఇస్తుంది, మనకి కావాల్సింది ఆ ఎర్రరే. ఇంకో చిట్కా, డిస్కు అన్‌మౌంట్ అయి ఉన్నప్పుడు ఖాళీ మౌంట్ పాయింట్ మీద రూట్‌గా సీహెచ్‌అట్టర్ ప్లస్ ఐ కొట్టు, ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్ మీద పని చేస్తుంది. అప్పుడు డిస్కు లేనప్పుడు ఎవరూ, రూట్ కూడా, అందులో ఏమీ రాయలేరు, డిస్కు మౌంట్ అయ్యాక డిస్కు మామూలుగానే పని చేస్తుంది. పాత సిస్టమ్ అడ్మిన్లు చేసే పని ఇది, బాగుంటుంది.

లాగ్స్, అప్‌లోడ్స్ సంగతి. గిట్ ఇండెక్స్‌లో ఫైళ్ళ పేర్లే ఉంటాయి, ఫోల్డర్ అనేది ఫైలు పాత్‌లో ఒక ముక్క మాత్రమే, కాబట్టి ఖాళీ ఫోల్డర్‌ని స్టేజ్ చెయ్యడానికే వీల్లేదు. లోపల ఆఖరి ఫైలు పోతే ఫోల్డర్ కూడా పోతుంది. జనం డాట్ గిట్‌కీప్ అని ఒక ఖాళీ ఫైలు పెడతారు, అది గిట్ వాళ్ళు పెట్టిన పేరేం కాదు, జనం పెట్టుకున్న అలవాటు, ఏ పేరు పెట్టినా ఒకటే. నాకు దానికంటే ఆ ఫోల్డర్ లోపలే ఒక డాట్ గిట్‌ఇగ్నోర్ పెట్టడం నచ్చుతుంది, అందులో రెండు లైన్లు, మొదటి లైన్లో స్టార్ గుర్తు, రెండో లైన్లో ఆశ్చర్యార్థకం పక్కన డాట్ గిట్‌ఇగ్నోర్. ఫోల్డర్ వస్తుంది, లోపల చెత్త మాత్రం గిట్‌లోకి రాదు.

కానీ నిజం చెప్పాలంటే లాగ్స్ ఫోల్డర్ గిట్‌లో ఉండాల్సిన పనే లేదు. అది సాఫ్ట్‌వేర్ నడిచేటప్పుడు కావాల్సింది, స్టార్ట్ అయ్యేటప్పుడు సాఫ్ట్‌వేరే క్రియేట్ చేసుకోవాలి, ఇక్కడ పేరెంట్ అంటే నీ ప్రాజెక్ట్ ఫోల్డరే కాబట్టి పైన చెప్పిన భయం లేదు. అప్‌లోడ్స్ ఇంకొంచెం వేరు, దానికి ఓనరు, పర్మిషన్ కూడా కావాలి, వెబ్ సర్వర్ యూజర్ రాయగలగాలి. గిట్ ఫైలుకి ఎగ్జిక్యూట్ బిట్ ఒక్కటే గుర్తుపెట్టుకుంటుంది, ఫోల్డర్ పర్మిషన్లు, ఓనర్లు అస్సలు దాచుకోదు, కాబట్టి గిట్‌కీప్ పెట్టి ఫోల్డర్ తెచ్చుకున్నా పర్మిషన్ డినైడ్ అని అక్కడ ఆగుతావ్. డిప్లాయ్ స్క్రిప్టులో ఇన్‌స్టాల్ డాష్ డి కమాండ్ వాడు, ఓనరు, గ్రూపు, మోడ్ ఒకే లైన్లో ఇచ్చి ఫోల్డర్ క్రియేట్ చెయ్యొచ్చు. అప్‌లోడ్స్ రెపో బయట ఉంటే మరీ మంచిది, ఎందుకంటే ఎవడో ఒకడు ఒకరోజు గిట్ క్లీన్ డాష్ ఎఫ్‌డీఎక్స్ కొడతాడు, ఆ ఎక్స్ ఇగ్నోర్ చేసిన ఫైళ్ళని కూడా ఊడ్చేస్తుంది, అప్‌లోడ్స్ గిట్‌లో లేవు కాబట్టి తిరిగి తెచ్చే దారి లేదు. గిట్ క్లీన్ ఎప్పుడు కొట్టినా ముందు డాష్ ఎన్ పెట్టి ఏం పోతాయో చూసుకోమని మీ టీమ్‌లో అందరికీ చెప్పు.

మీ సీనియర్ మాటకి వద్దాం. ఆయన అన్నదాంట్లో సగం నిజముంది. సబ్‌వెర్షన్ ఫోల్డర్లని కూడా వెర్షన్ చేస్తుంది, ఖాళీ ఫోల్డర్ కమిట్ చెయ్యొచ్చు, చెకౌట్‌లో వస్తుంది, అక్కడ లాగ్స్ ఫోల్డర్ గోల ఉండేది కాదు. ఇంకో మంచి గుణం కూడా ఉంది, నువ్వు ఫోల్డర్‌ని ఉత్తినే ఆర్ఎం కొట్టి తీసేస్తే ఎస్‌వీఎన్ స్టేటస్‌లో ఆశ్చర్యార్థకం గుర్తు పెట్టి ఇది మిస్సింగ్ అంటుంది, డిలీటెడ్ అనదు. కమిట్ కొట్టినా డిలీట్ కింద పోదు, ఎస్‌వీఎన్ డిలీట్ అని నోటితో చెప్పాలి, లేకపోతే తర్వాత ఎస్‌వీఎన్ అప్‌డేట్ కొట్టినప్పుడు తిరిగి తెచ్చి పెడుతుంది. మెర్క్యురియల్ అనే ఇంకో టూల్ గిట్ లాగే ఫోల్డర్లని ట్రాక్ చెయ్యదు కానీ ఈ విషయంలో ఎస్‌వీఎన్ దారే, అదే గుర్తు పెట్టి ఊరుకుంటుంది, రిమూవ్ గానీ యాడ్‌రిమూవ్ గానీ కొడితేనే డిలీట్ కింద రాసుకుంటుంది. గిట్ కూడా నువ్వు ఏమీ యాడ్ చెయ్యకుండా ఉత్త కమిట్ కొడితే మిస్సింగ్ ఫైళ్ళ జోలికి పోదు, మనం అలవాటుగా కొట్టే క్యాపిటల్ ఏ, కమిట్ డాష్ ఏ వల్లే వస్తోంది తంటా అంతా.

మిగతా సగం మాత్రం ఆయన మర్చిపోయినట్టున్నాడు. 2011లో వచ్చిన 1.7కి ముందు ఎస్‌వీఎన్ ప్రతి ఫోల్డర్‌లోనూ ఒక డాట్ ఎస్‌వీఎన్ ఫోల్డర్ పెట్టేది, ఫోల్డర్‌ని ఎక్స్‌ప్లోరర్‌లో డిలీట్ కొడితే దాని లెక్కలు కూడా దాంతోపాటే పోయేవి, ఒక ఫోల్డర్‌ని ఇంకో చోట పేస్ట్ చేస్తే పాత లెక్కలతో సహా వచ్చి కూర్చునేది. ఆటోనగర్‌లో ఒక ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు వాళ్ళ సాఫ్ట్‌వేర్ ఆ పాత వెర్షన్ మీదే ఉండేది, అక్కడ పని చేసినవాడిని అడిగితే చెప్తాడు ఆ సుఖం. 1.7 నుంచి పైన ఒక్కటే డాట్ ఎస్‌వీఎన్, ఆ బాధ పోయింది. అంతకుముందు సీవీఎస్ అనే పాత టూల్ కాలంలో అయితే అప్‌డేట్‌కి చిన్న డి పెడితేనే కొత్త ఫోల్డర్లు వచ్చేవి, పెద్ద పి పెడితే ఖాళీవి పోయేవి. కాబట్టి గిట్ మార్చాల్సిన పని లేదు, ఎస్‌వీఎన్ దగ్గర నేర్చుకోవాల్సింది నేర్చుకుని నీ స్క్రిప్టులో పెట్టుకో చాలు.

ఇప్పుడు నీ టూల్. నువ్వు పెట్టిన కోడ్ చూశా, మొదటి లోపం ఓఎస్ డాట్ పాత్ డాట్ ఎగ్జిస్ట్స్ మీద ఆధారపడటం. అది ఫాల్స్ ఇచ్చిందంటే ఫోల్డర్ లేదని కాదు, పర్మిషన్ లేక చూడలేకపోయినా ఫాల్సే ఇస్తుంది. ఓఎస్ డాట్ స్టాట్ కొట్టి ఎర్రర్ ఏంటో చూడు. ఈనోఎంట్ అయితే లేదని అర్థం, ఈనాట్‌డిర్ అయినా లేదనే, అంటే ఎ స్లాష్ బి అడిగితే ఎ అనేది ఫోల్డర్ కాకుండా ఫైలై కూర్చుంది. గిట్ సోర్సులో కూడా మిస్సింగ్ ఫైల్ ఎర్రర్ అని ఒక చిన్న ఫంక్షన్ ఉంది, అది సరిగ్గా ఈ రెంటినే మిస్సింగ్ కింద లెక్కేస్తుంది. మిగతావి ఏవొచ్చినా, పర్మిషన్ గానీ, ఇన్‌పుట్ అవుట్‌పుట్ ఎర్రర్ గానీ, నెట్‌వర్క్ ఫోల్డర్ అయితే స్టేల్ హ్యాండిల్ గానీ, అవి లేదు కాదు, తెలియదు. తెలియనప్పుడు ఆగిపోవాలి, అంతే.

రెండో లోపం ఇంకా పెద్దది, ఓఎస్ డాట్ వాక్, ఫోల్డర్ లోపలివన్నీ తిరిగి చూసేది. దానికి లేని ఫోల్డర్ ఇచ్చి చూడు, ఎర్రర్ రాదు, సైలెంట్‌గా ఖాళీ ఇస్తుంది. నీ టూల్ ఏమో వాక్‌లో దొరికిన లిస్టునీ ఇండెక్స్ లిస్టునీ పోల్చి, దొరకనివి డిలీట్ అంటోంది. రేపు పాత్‌లో ఒక్క అక్షరం తప్పు పడితే రెపో మొత్తం డిలీట్! వాక్‌కి ఆన్ఎర్రర్ అని ఒక ఆర్గ్యుమెంట్ ఉంది, దానికి ఒక ఫంక్షన్ ఇచ్చి అందులో ఎర్రర్‌ని మళ్ళీ రెయిజ్ చెయ్, మధ్యలో ఏదో ఒక సబ్‌ఫోల్డర్ చదవలేకపోయినా కూడా అప్పుడు తెలుస్తుంది.

రెండు ప్రాసెస్‌లు ఒకేసారి నడిచే పరిస్థితి కూడా ఆలోచించు, నీకు క్రానూ బిల్లింగూ రెండూ అక్కడే తిరుగుతున్నాయి కదా. ఉందా అని చూసి లేకపోతే క్రియేట్ చెయ్యడం మధ్యలో ఇంకోడు క్రియేట్ చేసేయొచ్చు, కాబట్టి చూడకుండానే క్రియేట్ చెయ్, ఆల్రెడీ ఉంది అనే ఎర్రర్ వస్తే అది ఫోల్డరేనా ఫైలా అని అప్పుడు చూసుకో. దీనికి ఉల్టా కేసు చాలామందికి తట్టదు, నువ్వు ఫోల్డర్ క్రియేట్ చేశావ్, లోపల ఫైలు పెట్టబోయేలోపు ఇంకో ప్రాసెస్ ఇది ఖాళీగా ఉందే అని తీసేసింది. గిట్‌కి ఇది నిజంగానే వస్తుంది, బ్రాంచిలని తన ఫోల్డర్లో అదే పేరుతో ఫైళ్ళుగా దాస్తుంది కాబట్టి ఫీచర్ స్లాష్ లాగిన్ లాంటి బ్రాంచి డిలీట్ చేస్తే ఖాళీ అయిన ఫీచర్ ఫోల్డర్‌ని కూడా తీసేస్తుంది, అదే టైములో ఇంకో ప్రాసెస్ ఫీచర్ స్లాష్ బిల్లు అని బ్రాంచి క్రియేట్ చేస్తుండొచ్చు. అక్కడ గిట్ చేసేది ఫెయిల్ అయితే ఫోల్డర్ మళ్ళీ క్రియేట్ చేసి మళ్ళీ ట్రై చెయ్యడం, కానీ లెక్క పెట్టి కొన్నిసార్లే, ఎప్పటికీ తిరుగుతూ ఉండదు. నువ్వూ అదే చెయ్.

నిలబడ్డ ఫోల్డర్‌నే తీసేసే కేసు ఒకటి. టెర్మినల్‌లో ఒక ఫోల్డర్‌లో ఉండి, ఆ ఫోల్డర్ లేని పాత బ్రాంచికి మారితే, కింద నేల పోయేది, తర్వాత ఏ కమాండ్ కొట్టినా కరెంట్ వర్కింగ్ డైరెక్టరీ చదవలేకపోతున్నా అని ఏడిచేది. 2022 జనవరిలో వచ్చిన 2.35 నుంచి గిట్ తను నడుస్తున్న ఫోల్డర్‌ని తీసెయ్యకుండా ఖాళీగా వదిలేస్తుంది. మీ యార్డు మెషీన్‌లో గిట్ ఎంత పాతదో చూడు.

సిమ్‌లింక్ (ఇంకో చోటికి దారి చూపే ఫైలు) గురించి ఒక్క మాట చెప్పి వదిలేస్తా, ఈ ఫోల్డర్ ఉందిలే అని ఒకసారి చూసి గుర్తుపెట్టుకుని తర్వాత అదే నమ్మడం ఎంత ప్రమాదమో 2021 మార్చిలో గిట్‌కే తెలిసొచ్చింది. ఫోల్డర్ తీసేసి దాని స్థానంలో సిమ్‌లింక్ వచ్చినా పాత క్యాష్‌ని నమ్మి దాని గుండా రాసేసేది, పెద్ద అక్షరం చిన్న అక్షరం తేడా చూడని ఫైల్ సిస్టమ్స్‌లో క్లోన్ చేసినప్పుడు వేరేవాడి కోడ్ నడిచే అవకాశం ఉండేది, 2.30.2లో సరిచేశారు. అంత పెద్ద ప్రాజెక్టుకే తప్పలేదు, నీ టూల్లో ఫోల్డర్ లిస్టు క్యాష్ చేసుకునే ఆలోచన ఉంటే ఇప్పటికి పక్కన పెట్టు.

ఇక పెన్‌డ్రైవ్. నువ్వు విండోస్ రోబోకాపీ కమాండ్‌తో కాపీ చేశానన్నావ్, స్లాష్ ఎస్ పెట్టి ఉంటావ్. స్లాష్ ఎస్ అంటే సబ్‌ఫోల్డర్లు కాపీ చెయ్, ఖాళీవి వదిలెయ్ అని, ఖాళీవి కూడా కావాలంటే స్లాష్ ఈ. దీనికీ గిట్‌కీ ఏంటి సంబంధం అంటావా, డాట్ గిట్ (గిట్ తన లెక్కలన్నీ దాచుకునే ఫోల్డర్) లోపల హెడ్ అనే ఫైలు, ఆబ్జెక్ట్స్ ఫోల్డర్, రెఫ్స్ ఫోల్డర్ ఈ మూడూ ఉంటేనే గిట్ దాన్ని రెపో అని ఒప్పుకుంటుంది. గిట్ జీసీ (రెపో లోపల సర్దే కమాండ్) నడిచినప్పుడు బ్రాంచిలు, ట్యాగులు అన్నీ ప్యాక్డ్ రెఫ్స్ అనే ఒక్క ఫైల్లోకి పోతాయి, నీది గిట్ ఇనిట్‌తో మొదలుపెట్టిన రెపో కాబట్టి రెఫ్స్ కింద ఖాళీ ఫోల్డర్లే మిగిలాయి, రోబోకాపీ వాటిని ఖాళీ కదా అని వదిలేసింది, రెఫ్స్ లేదు కాబట్టి గిట్ ఇది రెపోనే కాదు పొమ్మంది. డేటా అంతా అక్కడే ఉంది. డాట్ గిట్ లోపల రెఫ్స్ అని ఒక ఖాళీ ఫోల్డర్ క్రియేట్ చెయ్, లేకపోతే అక్కడే గిట్ ఇనిట్ మళ్ళీ కొట్టు, ఉన్న రెపో మీద మళ్ళీ కొట్టినా అది ఉన్నవాటిని చెరపదు, లేనివి మాత్రం పెడుతుంది. తర్వాత గిట్ ఎఫ్ఎస్‌సీకే (రెపో బాగుందా అని చూసే కమాండ్) ఒకసారి నడిపించు. ఎస్3 లాంటి క్లౌడ్ స్టోరేజీకి సింక్ చేసినా ఖాళీ ఫోల్డర్లు పోవు, అక్కడా ఇదే కథ.

అసలు పెన్‌డ్రైవ్ మీద రెపో మొయ్యాలంటే గిట్ బండిల్ వాడు, గిట్ బండిల్ క్రియేట్, ఫైలు పేరు, డబుల్ డాష్ ఆల్, అంతా ఒకే ఫైలు అవుతుంది, అవతల దాన్నుంచే క్లోన్ చెయ్యొచ్చు. 2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు పొంగి మా బెజవాడ సింగ్ నగర్ మునిగినప్పటి నుంచి ఇక్కడ చిన్న ఆఫీసుల వాళ్ళు కూడా ఇంకో చోట కాపీ ఉండాలని అడుగుతున్నారు, నెట్ సరిగా లేని చోట నేను బండిలే చెప్తా.

ఇంకోటి, నువ్వు అడగలేదు గానీ నీ కాన్ఫిగ్‌లో కనపడింది. కోర్ డాట్ హుక్స్‌పాత్ (కమిట్ లాంటి పనులప్పుడు గిట్ తనంతట నడిపే స్క్రిప్టులు, అంటే హుక్కులు, ఉండే చోటు) ఒక ఫోల్డర్‌కి పెట్టావ్, ఆ ఫోల్డర్ కొత్త మెషీన్‌లో ఉందో లేదో చూశావా? లేకపోతే గిట్ ఎర్రర్ ఇవ్వదు, హుక్కులు నడవవు, అంతే, ఎవరికీ తెలియదు. పైన చెప్పిన డిలీట్ లెక్క చూసే చెక్ ప్రీ కమిట్ హుక్కులో పెడదామనుకుంటే ఇది గుర్తుపెట్టుకో, నేనైతే ఆ చెక్‌ని హుక్కులో కాకుండా స్క్రిప్టులోనే పెడతా.

ఈ రాత్రికి ముందు క్రాన్ జాబ్ ఆపు, డిస్కు అన్‌మౌంట్ చేసి కింద దాక్కున్న తక్‌పట్టీలు ఉంటే వేరే చోటికి కాపీ చేసుకో, మళ్ళీ మౌంట్ చేసి వాటిని డిస్కులో కలుపు, యాడ్ చేసి కమిట్ చెయ్యి, ఇగ్నోర్ రిమూవల్ పెట్టాకే క్రాన్ మళ్ళీ ఆన్ చెయ్. అన్‌మౌంట్ అవ్వట్లేదు, బిజీ అంటే బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ దాన్ని పట్టుకుని ఉందన్నమాట, కొట్టు మూశాక చెయ్యి. రోబోకాపీ లైను పూర్తిగా ఇక్కడ పేస్ట్ చెయ్, స్లాష్ ఎస్ కాకుండా ఇంకేదన్నా ఉంటే మళ్ళీ చూద్దాం.